దీవెన షికార్లు

అల్మాస్‌గూడ,
9 జూన్ 2024, ఆదివారం.

సాధనా,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు కనుక పేరే రాస్తున్నాను. చైతన్యపురిలో ఒకే టైలరింగ్ షాపులో పక్కపక్క మిషన్ల మీద జాకెట్లు కుట్టిన రోజుల్లో కూడా నిన్ను పేరుతోనే కదా పిలిచాను. నిన్ను మా అన్నకు చేసుకుందామని మా అమ్మతో పోట్లాడి మరీ ఒప్పించాను. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

నీ బిడ్డ దీవెన క్షేమం. ఆరేళ్లు నిండిన పిల్లలను జైల్లో తల్లి దగ్గర ఉంచరన్నది సర్కారు రూలు. నేను పెట్టింది కాదు. గేటు దగ్గర జైలు మేడమ్ చేతుల్లోంచి తీసుకున్నప్పుడు అది నా మెడ మీద గీరిన గీతలు ఇంకా మానలేదు. మా చర్చి సంఘంలో అందరూ అడుగుతున్నారు, అన్నను చంపినదాని బిడ్డను ఎందుకు తెచ్చుకున్నావని. అన్న బిడ్డ కూడా కదా అంటున్నాను. ఆ మాట వాళ్లకు కొత్తగా ఉంది.

మా అన్న తాగి వచ్చి నీ మీద బెల్టు తీసేవాడని నాకు తెలుసు. కడుపుతో ఉన్నదానివని కూడా చూడలేదనీ తెలుసు. దానికి చేతికందిన ఇస్త్రీపెట్టె జవాబా, కాదా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కోర్టు పదేళ్లని తేల్చేసింది. కోర్టుకు తీరిక ఎక్కువ.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. ఫోన్ చెయ్యొద్దు. మొన్న నీ గొంతు విన్నాక దీవెన మంచం కింద దూరి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏదైనా ఉంటే ఉత్తరం రాయి, నేనూ రాస్తాను. మీ మేడమ్‌లు చదివి ఇస్తారు కదా, చదువుకోనీ.

ఈ రోజు చర్చి అయ్యాక కాలనీ పార్కుకు తీసుకెళ్లాను. గేటు బార్లా తెరిచే ఉంది. అయినా బయటే నిలబడింది, ఎవరో పొమ్మనాలని. పో అంటే పోయింది. లోపల వాకింగ్ చేసే పెద్దమనుషులను చూసి నా కొంగులో దూరింది. "అత్తా, మొగోళ్లు గింత మంది ఉంటరా?" అని అడిగింది. ఉంటారమ్మా, ఏం చేద్దాం అన్నాను. ఊయల మాత్రం ఎక్కింది, మీ జైల్లో దానికి అలవాటే అట కదా.

ములాఖత్‌కు తీసుకొస్తానని ఇచ్చిన మాట మరిచిపోలేదు. కాస్త కుదురుకోనీ.

అరుణజ్యోతి

*

చంచల్‌గూడ,
18 జూన్ 2024.

అరుణా,

నువ్వు వదినా అనకపోయినా ఫరవాలేదు. నా బిడ్డ నిన్ను అత్తా అంటోంది కదా, అది చాలు.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పక్క బ్యారక్‌లోని తిరుపతమ్మ పెద్దమ్మకు కూడా వినిపించాను. పాపను పుట్టినప్పటి నుంచి ఎత్తుకున్నది ఆవిడే. మగవాళ్ల మాట దగ్గర ఆవిడ నవ్వి, తర్వాత చెంగుతో కళ్లు తుడుచుకుంది.

పాప దీపం ఆర్పితే నిద్రపోదు. ఇక్కడ రాత్రంతా లైటు ఉంటుంది, అందుకని. ముందు పప్పన్నం పెట్టు, కూర తర్వాత. గట్టిగా పిలవొద్దు, పిలిస్తే తప్పు చేశాననుకుంటుంది. ఏదైనా దాచుకుంటే తిట్టకు. రొట్టెముక్క దిండు కింద పెట్టుకోవడం దాని అలవాటు.

నాకు ఒక్కటే కావాలి. పాప ఏం చూసిందో రాయి. నేను దానికి ఏదీ చూపించలేదు. ఏనుగును గోడ మీది చార్టులో చూపించాను. ఆ చార్టులో ఏనుగూ బొద్దింకా ఒకే సైజు. ఏనుగు వస్తే చెప్పుతో కొడతానంది. ఇట్లాంటి బిడ్డను నీకు ఇచ్చాను.

నెల దాటితే ములాఖత్‌కు తీసుకొస్తానన్నావు. జూలైలో వస్తారని ఇక్కడ అందరికీ చెప్పాను.

సాధన

*

అల్మాస్‌గూడ,
14 జూలై 2024, ఆదివారం.

సాధనా,

నీ బిడ్డకు ఏనుగును చూపించాను. ఎల్బీనగర్ నుంచి బస్సులో, సైదాబాద్ మీదుగా కాకుండా చుట్టూ తిరిగే బస్సు చూసుకుని మరీ జూపార్కుకు తీసుకెళ్లాను. మీ గోడ కనిపిస్తే బస్సు దిగుతానంటుందని నా భయం. అమ్మ కూడా వచ్చింది. మోకాళ్ల నొప్పులని ఏడుస్తూనే పులిహోర డబ్బా మోసుకుని వచ్చింది.

ఏనుగు దగ్గర చాలాసేపు నోరు తెరుచుకుని నిలబడింది. చెప్పు ఏదమ్మా అని అడిగితే తల వంచుకుంది. ఇన్నాళ్లకు మొదటిసారి నాకు ఈ పిల్ల మీద ప్రేమ పుట్టింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, అంతకుముందు బాధ్యతే.

ఇంకో సంగతి. కాలనీ పార్కులో, బజారులో, చర్చిలో ఎక్కడా కుదురుగా ఉండని పిల్ల జూలో మాత్రం హాయిగా ఉంది. బోన్ల దగ్గర ఎంతో సేపు నిలబడింది. ఎలుగుబంటికి తిండి పెట్టే వేళ అయితే, అది ముందు వరసలో కూర్చోవాలని మాకు చెప్పింది. "గిది మన ఇల్లు లెక్కనే ఉన్నది" అంది. అమ్మ విని మొహం తిప్పుకుంది.

బడిలో వేశాను. తల్లి ఏం చేస్తుందని అడిగారు. దుబాయ్‌లో పని చేస్తుందని చెప్పాను. మా ఇంటి ఓనరమ్మకూ అదే చెప్పాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఉన్నమాట చెబితే ఈ కాలనీలో దాని పక్కన పిల్లలను కూర్చోనిస్తారా?

ములాఖత్ సంగతి. బడి ఇప్పుడే మొదలైంది, రోజూ గేటు దగ్గర ఏడుస్తోంది. ఇప్పుడు నిన్ను చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఆగస్టులో చూద్దాం.

అరుణజ్యోతి

*

చంచల్‌గూడ,
25 జూలై 2024.

అరుణజ్యోతికి,

నగరంలో ఇన్ని పార్కులు, ఇన్ని చెరువు గట్లు, పిల్లలు ఆడుకునే ఇన్ని మాల్స్ ఉండగా నీకు జూపార్కే దొరికిందా? బోన్లు చూపించి, ఇదిగో మీ అమ్మ కూడా ఇట్లాగే ఉందని చెప్పకుండా చెప్పడమా? పైగా అది హాయిగా ఉందని రాస్తావా? మీ అమ్మ మొహం తిప్పుకుందని కూడా రాశావు. నాకు తెలియాలనే కదా.

దుబాయ్ ఎందుకు? చచ్చిపోయిందని చెప్పకపోయావా, ఖర్చు లేని పని. రేపు దాన్ని దుబాయ్ నుంచి బొమ్మ ఏదని పిల్లలు అడిగితే ఏం చెబుతుంది? నా బిడ్డకు నేను ఒక్క అబద్ధమూ నేర్పలేదు. మేమంతా తప్పు చేసి ఇక్కడ ఉన్నామని అది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్నది.

జూలై అన్నావు, ఆగస్టు అంటున్నావు. ఆగస్టు వస్తే పండుగలంటావు. నాకు అర్థమైంది. మెల్లగా నన్ను మరిపించి బిడ్డను మీ అన్న ఖాతాలో వేసుకుంటున్నావు. ఇక్కడి మేడమ్‌తో మాట్లాడాను. తల్లిని చూపించని బంధువుల దగ్గర కంటే పిల్లల హాస్టల్ నయమని చెప్పాను. హాస్టల్ వాళ్లు నెలకోసారి తెస్తారు.

సాధన

*

అల్మాస్‌గూడ,
18 ఆగస్టు 2024, ఆదివారం.

సాధనా,

నీ ఉత్తరానికి జవాబుగా చాలా రాసి చించేశాను. ఏనుగు ఏనుగని రాసింది నువ్వే. ఏనుగు జూలో కాక మా దర్జీ షాపులో దొరుకుతుందా? వేసుకో హాస్టల్లో, నా పీడ పోతుంది అని కూడా రాశాను. అది కూడా చించేశాను. ఎందుకంటే పంద్రాగస్టు నాడు దీవెన తప్పిపోయింది.

భయపడకు, దొరికింది. ఇప్పుడు నా పక్కనే పడుకుని ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సెలవు కదా అని సాయంత్రం సరూర్‌నగర్ చెరువు గట్టు మీది పార్కుకు తీసుకెళ్లాను. జనం ఇసుక వేస్తే రాలనంత మంది ఉన్నారు. అందరి చేతుల్లో జెండాలు, మొక్కజొన్న కంకులు. దీవెన ఇప్పుడు మగవాళ్లను చూసి భయపడడం లేదు, ఒక తాతతో బంతి కూడా ఆడింది. చీకటి పడే ముందు పార్కు మూసే వేళయిందని వాచ్‌మన్ ఈల ఊదాడు. నేను చెప్పులు వేసుకుని తిరిగి చూసేసరికి పిల్ల లేదు.

పిలిచాను. గట్టిగా పిలవొద్దన్నావు, అయినా పిలిచాను. జారుడుబండ దగ్గర లేదు, ఊయల దగ్గర లేదు. జనమంతా గేటు వైపు తోసుకుంటూ పోతున్నారు, నేను ఎదురు పోతున్నాను. గట్టు మీద ఒకచోట కంచె విరిగి ఉంది, దాని అవతల నీళ్లు. నేను ఆ కంచె దగ్గర కూర్చుండిపోయాను. పిల్ల పోయిందనే అనుకున్నాను. నీకు ఏం చెప్పాలి అన్నది కూడా అప్పుడే అనుకున్నాను, ఇంత సిగ్గులేని బుద్ధి.

వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, గా గోడ పొంటి కూసున్న పోరి నీదేనా?" అని అడిగాడు. గేటు పక్కన ప్రహరీ గోడ ఉంది. చెత్త ఊడ్చే ఆడవాళ్లు పని అయిపోయి అక్కడ వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ల చివర నీ బిడ్డ గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తలెత్తి నిటారుగా ఉంది. నన్ను చూసి కోపంగా, "అత్తా, ఈల కొట్టిండ్రు కదా, నువ్వు ఎందుకు కూసుంటలేవు? లెక్క తప్పుతది" అంది.

నేనూ దాని పక్కన కూర్చున్నాను. ఆ ఊడ్చే ఆడవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. వాచ్‌మన్‌ను ఒకటి రెండు అని లెక్క పెట్టమని అడిగాను. ఏమనుకున్నాడో, పాపం, లెక్క పెట్టాడు. అప్పుడు లేచింది.

హాస్టల్లో వేయించడానికి నీకు హక్కు ఉంది. కానీ అక్కడ ఈల కొట్టినప్పుడు దాని పక్కన ఎవరు కూర్చుంటారో ఆలోచించు.

అరుణ

*

చంచల్‌గూడ,
2 సెప్టెంబర్ 2024.

అరుణా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను మిషన్ మీద కూర్చోలేకపోయాను. మా కుట్టు మేడమ్ ఏమైందని అడిగితే పంటి నొప్పి అని చెప్పాను. నేను అబద్ధాలు నేర్పనన్నాను కదా, ఆడుతాను మాత్రం.

లైనులో కూర్చోమని దానికి నేర్పింది నేనే. పాపకు మూడేళ్లప్పుడు ఒకసారి సాయంత్రం లెక్కలో ఒకరు తగ్గారని అందరినీ నిలబెట్టారు. ఆ ఒకరు నేనే, ఈల వినపడక స్నానాల గది దగ్గర ఉండిపోయాను. అమ్మ ఏదని అది గుక్కపట్టి ఏడ్చింది. అప్పటి నుంచి చెప్పాను, ఈల వినగానే ఎక్కడున్నా గోడ దగ్గరికి వచ్చి కూర్చో, లెక్కలో ఉంటే నువ్వు తప్పిపోవు, నేనూ తప్పిపోను అని. నీళ్ల పక్కన ఈల వినే ఉంటుంది, అందుకే గోడ వెతుక్కుంది. దాని పక్కన నువ్వు కూర్చున్నావని రాశావు. మేడమ్ ముందు కాగితం పట్టుకుని ఏడ్చాను.

హాస్టల్ మాట మరిచిపో. మేడమ్‌తో అన్నాను కానీ కోపంలో అన్న మాట, ఆవిడ పట్టించుకుని ఉండదు. జూ గురించి రాసిన దానికి కూడా ఏమీ అనుకోకు. ఇక్కడ రోజంతా చేసేది కుట్టడం, అనుకోవడం. కుట్టు కంటే అనుకోవడమే ఎక్కువ.

బిడ్డను ఒకసారి తీసుకురా. నేను ఏడవను. నవ్వుతూ ఉంటాను.

సాధన

*

అల్మాస్‌గూడ,
13 అక్టోబర్ 2024, ఆదివారం.

సాధనా,

మీ మేడమ్ పట్టించుకుని ఉండదన్నావు. పట్టించుకుంది.

దసరా ముందు పిల్లల శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ ఫైలు పట్టుకుని వచ్చింది. జైలు నుంచి వచ్చిన బిడ్డ ఇక్కడేనా ఉండేది అని వీధి గుమ్మంలో నిలబడి అడిగింది. ఆమె తప్పేం లేదు, ఆమె పని ఆమె చేసింది. మంచం చూసింది, స్నానాల గది చూసింది, దీవెన బడి పుస్తకాలు చూసింది. బాగానే ఉందని రాసుకుని పోయింది. కానీ గుమ్మంలో జైలు మాట ఎత్తినప్పుడు మా ఇంటి ఓనరు సూర్యప్రభ గారు మేడ మీద బట్టలు ఆరేస్తోంది.

సూర్యప్రభ గారిది తెనాలి వైపు. చెడ్డ మనిషి కాదు. ఆవకాయ పెడితే మాకు ఒక గిన్నె పంపకుండా తినదు. ఆమె మనవరాలు జ్యోతిక, దీవెన కలిసి సాయంత్రాలు పార్కుకు పోయేవాళ్లు. ఆ మర్నాడు ఆమె దిగివచ్చి, "అరుణగారూ, దుబాయ్ అని చెప్పారు కదండీ. నాకు ముందే చెప్పి ఉంటే నేనేం అనుకునేదాన్ని కాదండీ. ఇప్పుడు మా అబ్బాయి ఒప్పుకోవట్లేదు, పిల్లల్ని కాస్త విడివిడిగా ఉంచుదామండీ" అంది. ఎంత మర్యాదగా అందంటే, నేనే సరేనండీ అన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. రోకలి ఎత్తింది నువ్వు.

సాయంత్రం జ్యోతిక వస్తుందని దీవెన చెప్పులు వేసుకుని మెట్ల మీద కూర్చుంది. దాన్ని లేపలేక కొత్తపేట వైపు పెట్టిన దసరా ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాను. రంగులరాట్నం ఎక్కింది. జెయింట్ వీల్ కూడా ఎక్కుతానంటే నాకు కళ్లు తిరుగుతాయని తెలిసీ ఎక్కాను. పైకి పోయినప్పుడు ఊరంతా దీపాలు. మెట్రో పోతుంటే చూపించాను. అది చూడలేదు. "మా అమ్మ ఏడుంది గిండ్ల?" అని అడిగింది. మలక్‌పేట వైపు చీకట్లో ఎక్కడో చేయి చూపించాను. అటే చూస్తూ చెయ్యి ఊపింది. దిగేదాకా ఊపుతూనే ఉంది.

ఇదంతా నీకు బాధ కలగాలనే రాస్తున్నాను. నాకు కలిగింది కనుక.

ములాఖత్ మాట నా దగ్గర ఎత్తకు.

అరుణజ్యోతి

*

చంచల్‌గూడ,
21 అక్టోబర్ 2024.

అరుణా,

తప్పయింది. నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని మేడమ్‌కు రాసి ఇచ్చాను.

నేనూ ఆ రోజు సాయంత్రం బయట ఉంటే చెయ్యి ఊపేదాన్ని. మాకు అప్పటికే తలుపులు వేస్తారు.

ఒక్కసారి తీసుకురా. ఇంకేమీ అడగను.

సాధన

*

అల్మాస్‌గూడ,
4 నవంబర్ 2024.

వదినా,

ఇలా పిలుస్తున్నానని చల్లబడ్డాననుకోకు. చెప్పబోయే సంగతి పేరు పెట్టి పిలిచి చెప్పేది కాదు.

మొన్న సమాధుల పండుగకు ఊరికి వెళ్లాం. ఏటా వెళతాం కదా, అన్న సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి రావాలి. దీవెనను ఇంట్లో ఎవరి దగ్గర విడిచిపెట్టాలి? సూర్యప్రభ గారిని అడగలేను. తీసుకెళ్లాం.

నీకు తెలుసు కదా ఆ పండుగ ఎట్లా ఉంటుందో. ఊరు ఊరంతా అక్కడే. చాపలు, టిఫిన్ డబ్బాలు, పాటలు, పిల్లల పరుగులు. వానాకాలం వెళ్లింది కనుక గడ్డి పచ్చగా ఉంది. దీవెనకు ఆ జాగా ఎంత నచ్చిందో చెప్పలేను. నేను చూపించిన పార్కుల్లో ఒక్కటీ దానికి అంత నచ్చలేదు. గేటు లేదు, ఈల లేదు, పొమ్మనేవాళ్లూ లేరు. ఊరి పిల్లలతో సమాధుల మధ్య దాగుడుమూతలు ఆడింది. అన్న సమాధి మీద కూర్చుని పులిహోర తింది. ప్రతి ఆదివారం ఇక్కడికే రావాలంది.

గీడ ఎవరున్నరు అని అమ్మను అడిగింది. అమ్మ అప్పటిదాకా ఏడుస్తూ ఉంది. నేను ఆపేలోగా, "మీ నాయన ఇశ్రాయేలు ఉన్నడు బిడ్డా. మీ అమ్మనే గీడికి పంపింది" అంది.

అమ్మను నేను తిట్టాను. కొడుకు పోయిన తల్లిని కొడుకు సమాధి దగ్గర తిట్టాను. దేవుడు క్షమించాలి. కానీ అమ్మ అనేసిన మాట వెనక్కి రాదు. దీవెన ఏడవలేదు. తింటున్న పులిహోర పక్కన పెట్టి, సమాధి మీది నుంచి దిగి, దాని చుట్టూ తిరిగి చూసింది. చెవి ఆనించి విన్నది. ఇంటికి వచ్చాక, "అమ్మను ఒక మాట అడగాలె" అంది. నన్ను అడుగు, నేను చెబుతానన్నాను. నీకు తెలవదు అంది.

తీసుకొస్తున్నాను. ఇక వాయిదా వేస్తే పాపం. అడిగేదేదో దానికి నువ్వే జవాబు చెప్పుకో. నువ్వు ఏం చెప్పినా నేను అడ్డు రాను.

అరుణ

*

అల్మాస్‌గూడ,
20 నవంబర్ 2024.

వదినా,

నిన్ను చూసి నేను గుర్తుపట్టలేదు. ఆరేళ్లలో జుట్టు అంత తెల్లబడుతుందా? నన్ను చూసి నువ్వు కూడా అదే అనుకుని ఉంటావు.

మీ మేడమ్ మంచిది. ఇనుప జాలీకి ఇటూ అటూ నిలబెట్టి మాట్లాడించకుండా పిల్లను లోపలికి, నీ దగ్గరికి పంపింది. దూరం నుంచి చూశాను. వేపచెట్టు కింద బెంచీ మీద నీ ఒళ్లో కూర్చుంది. చేతులు తిప్పుతూ ఏదేదో చెప్పింది. తర్వాత నీ చెవిలో మాట్లాడింది. నువ్వు చాలాసేపు తల వంచుకుని ఉన్నావు. నవ్వుతూ ఉంటానన్నావు, నవ్వలేదు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి పిల్ల పెద్దగా మాట్లాడడం లేదు. అలగలేదు. అన్నం తింటోంది, బడికి పోతోంది, నేను ఒంటరిగా ఉంటే వచ్చి పక్కన కూర్చుంటోంది. నిన్న నా తల నిమిరింది. అమ్మ ఏం చెప్పిందని ఎన్ని విధాల అడిగినా పెదవి విప్పదు. పార్కుకు పోదామా అంటే, నీకు పోవాలని ఉంటే పోదాం అంటోంది. ఆరేళ్ల పిల్ల నాకు ధైర్యం చెబుతున్నట్టు ఉంది.

నా భయం దాచను. బయటికి రాగానే నిన్ను తీసుకుపోతాను, అత్తకు చెప్పకు అని దానితో అన్నావా? నీ బిడ్డే, తీసుకుపోతావు. నాకు పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఉన్న ఒక్క అన్న లేడు. ఎన్నాళ్లు ఉంటుందో ముందే తెలిస్తే మనసును ఆ మేరకే ఉంచుకుంటాను. నిజం రాయి.

అరుణ

*

చంచల్‌గూడ,
28 నవంబర్ 2024.

అరుణా,

నిజమే రాస్తాను.

నువ్వు అనుకున్నది నేను అనాలనే వెళ్లాను. విడుదలైన రోజున గేటు దగ్గరికి రా, మనిద్దరం ఒక గది తీసుకుని ఉందాం, నేను బట్టలు కుడతాను, నువ్వు చదువుకో అని చెప్పాలని ఎన్నో రోజులు మనసులో అనుకుని పెట్టుకున్నాను. ఒక్క మాటా చెప్పలేదు. చెప్పనివ్వలేదు.

ముందు నువ్వు చూపించినవన్నీ చెప్పింది. ఏనుగు, చెరువు, జెయింట్ వీల్ మీద అత్త కళ్లు మూసుకుని ప్రార్థన చేయడం. తర్వాత నా చెవిలో, "నాయనను నువ్వే పంపినవా?" అని అడిగింది. అవునన్నాను. భయపడుతుందనుకున్నాను. నా ఒళ్లోంచి దిగిపోతుందనుకున్నాను. అది దిగలేదు.

"ఎన్నేండ్లు?" అంది. నాకు అర్థం కాలేదు. "నీకు పదేండ్లు కదా. నాయనకు ఎన్నేండ్లు పడ్డయి?" అంది.

అరుణా, దానికి తెలిసింది ఇంతే. ఒక మనిషిని ఒకచోట పెట్టారంటే అది శిక్ష. శిక్ష అయిపోతే మూట కట్టుకుని, అందరికీ చెప్పి, గేటు దాటి ఇంటికి పోతారు. ఇక్కడి నుంచి అట్లా ఎంతోమంది పోవడం చూసింది. చావు చూడలేదు. అక్కడ గేటు కూడా లేదు కదా, నాయన రాత్రి పూటైనా ఎందుకు ఇంటికి వస్తలేడు అని అడిగింది.

ఆయనకు విడుదల లేదని చెప్పాను. ఎన్నటికీ లేదా అంది. ఎన్నటికీ లేదన్నాను. ఆ మాట నా నోటితో నేను అంతకుముందు ఎన్నడూ అనలేదు. కోర్టులో కూడా అనలేదు.

నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని విడుస్తూ ఆలోచించింది. తర్వాత అంది, "గట్లయితే నువ్వు బయటికి ఒచ్చినంక నాయన దగ్గరికి పో. ఆయన ఒక్కడే ఉన్నడు. ఆడ మంచిగున్నది, గడ్డి ఉన్నది. నేను అత్త దగ్గర ఉంట."

ములాఖత్ వేళ అయిపోయిందని మేడమ్ పిలిచింది. సరేనా అని అడిగి, నేను జవాబు చెప్పేదాకా చెయ్యి వదలలేదు. సరేనన్నాను. బిడ్డకు మాట ఇచ్చాను. కనుక నువ్వు మనసును ఎంత మేరకు ఉంచుకోవాలో లెక్క వేసుకోనక్కర్లేదు, అది నీ దగ్గరే ఉంటుంది. నేను బయటికి వచ్చాక ఏం చేయాలో నాకు ఇంకా తెలియదు.

నీతో మాట్లాడకపోవడం కోపంతో కాదు. పోతూ పోతూ వెనక్కి తిరిగి వచ్చి చెప్పింది, "నాయనకు విడుదల లేదని అత్తకు తెల్వదు. ఏడాదికోసారి పూలు పట్టుకొని చూడనీకి పోతది. చెప్పకు, ఏడుస్తది" అని. అందుకే నీ తల నిమురుతోంది. నీకు తెలుసని దానితో అనకు.

నీ వదిన,
సాధన